జాయింట్ వర్క్ రోజు మేనేజర్‌ని ఎవరి దగ్గరికి తీసుకుపోవాలి?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. డాక్టర్లకు కంపెనీ మందుల గురించి చెప్పే మెడికల్ రెప్‌వి నువ్వు. నల్లగొండ హెచ్‌క్యూ, అంటే నీ పని కేంద్రం, చేరి రెండేళ్లు. నెలలో ఆరేడు రోజులు మీ ఏరియా మేనేజర్ హైదరాబాద్ నుంచి వచ్చి నీతో కలిసి డాక్టర్ల దగ్గరికి, షాపులకు తిరుగుతాడు, దాన్నే జాయింట్ వర్క్ అంటాం. నువ్వు నోరు తెరవకముందే డాక్టర్ ముందు ఆయనే మొదలుపెడతాడు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నలుగురిలో నిన్ను అరుస్తాడు. భోజనం బిల్లు నీ మీద పడుతుంది. ఆరు కాకముందే కారెక్కుతాడు, రాత్రికి వాట్సాప్ గ్రూపులో నీ పేరు పెట్టి ‘పూర్ కవరేజ్’ అని రాస్తాడు. ఈ జాయింట్ వర్క్ వద్దనడానికి ఏమైనా రూల్ ఉందా, లేక వేరే కంపెనీ చూసుకోవాలా అని అడిగావు.

వద్దనడానికి రూల్ లేదు. మేనేజర్ నీతో ఫీల్డ్‌కి రావడం ఆయన ఉద్యోగం, ఆయన్ని తీసుకుపోవడం నీ ఉద్యోగం. కానీ ఆ రోజు ఆయన ఏ డాక్టర్ దగ్గరికి, ఏ పని మీద వస్తాడన్నది చాలావరకు నీ చేతిలోనే ఉంది. ఈ సంగతి ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పరు. నేను పాలమూరులో రెప్‌గా మొదలై, తర్వాత ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు మేనేజర్‌గా చేశాను. బ్యాగు మోసినప్పుడు ఎట్లా ఉంటుందో, బ్యాగు మోసేవాడి పక్కన నడిచినప్పుడు ఎట్లా ఉంటుందో రెండూ తెలుసు కాబట్టి చెబుతున్నా.

ముందు ఆయన వైపు సంగతి కొంచెం. ఏరియా మేనేజర్ కింద మామూలుగా నలుగురైదుగురు రెప్‌లు ఉంటారు. ఒక్కొక్కరితో నెలకు ఇన్ని రోజులు, రోజుకు ఇన్ని కోర్ డాక్టర్ కాల్స్ (ముఖ్యమైన డాక్టర్లను కలవడం), ఇన్ని కెమిస్ట్ కాల్స్ అని ఆయనకూ పైనుంచి లెక్క ఉంటుంది. అదంతా యాప్‌లో పడాలి. మధ్యాహ్నం రీజినల్ మేనేజర్ ఫోన్ చేసి ‘ఎన్ని కాల్స్ అయినయ్, పీఓబీ ఎంత?’ అని అడుగుతాడు. పీఓబీ అంటే షాపుల దగ్గర మనం స్వయంగా తీసుకున్న ఆర్డర్లు. షాపు ముందు నీ మీద పడిన అరుపు చాలాసార్లు ఆ ఫోన్ నుంచి మొదలైందే. ఆయన్ని వెనకేసుకు రావడానికి ఇది చెప్పడం లేదు. అరుపు ఎక్కడ పుడుతుందో తెలిస్తే అది పుట్టకముందే చేయగలిగిన పని ఒకటి కనపడుతుంది.

నీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘సార్ వచ్చిన రోజు నాకు బాగా క్లోజ్‌గా ఉన్న డాక్టర్ల దగ్గరికే తీసుకుపోతా, అన్నా, అయినా తిట్లు తప్పడం లేదు’ అన్నావు. చిక్కు అక్కడే ఉంది. మన ఫీల్డ్‌లో దాదాపు అందరూ ఇదే చేస్తారు. రోజు సాఫీగా పోవాలని, సార్ ముందు డాక్టర్ నవ్వుతూ పలకరించాలని. దాని వల్ల ఏం జరుగుతుందో చూడు. ఆ డాక్టర్ ఇప్పటికే నీ బ్రాండ్ రాస్తున్నాడు. మేనేజర్ లోపలికి పోయి ‘సార్, మీ సపోర్ట్ ఇంకా పెరగాలి’ అంటాడు. రాసేవాడిని ఇంకా రాయమనడం డాక్టర్‌కి చిరాకు, నీకు తలవంపు. రెండోది, కోర్ లిస్టులో ఉన్నవాళ్లంతా ఇంత బాగా మాట్లాడుతుంటే సేల్ ఎందుకు పెరగట్లేదు, నువ్వే పని చేయట్లేదు అని మేనేజర్‌కి అనిపిస్తుంది, వచ్చే క్వార్టర్ టార్గెట్ పెరుగుతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ కాల్‌లో ఆయన చేయాల్సిన పని ఏమీ లేదు. పని లేని మేనేజర్ తప్పులు వెతుకుతాడు. విజువల్ ఎయిడ్ (డాక్టర్‌కి మందుల గురించి చూపించే పుస్తకం) ఎందుకు నలిగింది, శాంపిల్ ముందు ఎందుకు ఇవ్వలేదు, బ్యాగు ఎందుకు ఇట్లా ఉంది, ఇవన్నీ అప్పుడు మొదలవుతాయి.

కాబట్టి నీకు దగ్గరి డాక్టర్లను నీ దగ్గరే ఉంచుకో. నీ స్థాయిలో కాని పనులు ఉన్న చోటికి ఆయన్ని తీసుకుపో.

అట్లాంటి చోట్లు నీ ఏరియాలో తక్కువేమీ కాదు. మిర్యాలగూడలో నర్సింగ్ హోం వాళ్లు ఇంజెక్షన్ తీసుకుంటామన్నారు, రేటు దగ్గర ఆగింది. ఆ రేటు ఒప్పుకునే అధికారం నీకు లేదు. ప్రకాశం బజార్ వైపు ఒక డాక్టర్ మీ సిరప్ బాటిల్ మూత లీకవుతుందని చెప్పి నెలలైంది, కంపెనీ నుంచి జవాబు లేదు, అప్పటి నుంచి నిన్ను గేటు దగ్గరే పంపించేస్తున్నాడు. షాపులకు సరుకు అందించే స్టాకిస్ట్ దగ్గర పోయిన ఏడాది ఎక్స్‌పైరీ సెటిల్మెంట్, అంటే గడువు తీరిన మందుల లెక్క, పెండింగ్ ఉంది, అందుకే ఆయన కొత్త ఆర్డర్ వేయడం లేదు. నార్కట్‌పల్లి మెడికల్ కాలేజీలో ఒక ప్రొఫెసర్ రెప్‌లకు టైమివ్వడు కానీ మేనేజర్ స్థాయి మనిషి వచ్చి సైంటిఫిక్‌గా మాట్లాడితే వింటాడు. ఈ నాలుగు చోట్లా మేనేజర్ మాటకు విలువ ఉంది, ఆయన చేయాల్సిన పని ఉంది, అవి అయితే లాభం మీ ఇద్దరిదీ. లీకయ్యే బాటిల్ సంగతి మేనేజర్ స్వయంగా విని ‘నేను క్వాలిటీ వాళ్లకు ఈరోజే మెయిల్ పెడతా సార్’ అని డాక్టర్ ముందు అన్నాడంటే, తర్వాతి వారం ఆ గేటు నీకు తెరుచుకుంటుంది.

కష్టమైన డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే కాల్ చెడి నాకే మాట వస్తుంది కదా అంటావేమో. ముందే చెబితే రాదు. చెప్పకుండా తీసుకుపోతేనే వస్తుంది. అందుకే ముందురోజు సాయంత్రం మేనేజర్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. ఊరు, డాక్టర్ స్పెషాలిటీ, ఇప్పుడు ఏ బ్రాండ్ రాస్తున్నాడు, అడ్డు ఏంటి, మీ నుంచి ఏం కావాలి. ఒక్కో డాక్టర్‌కి ఒక్క లైన్ చాలు. ఇట్లా: ‘రేపు మిర్యాలగూడ సార్. గైనిక్ మేడం దగ్గర మన కాల్షియం నిలిచిపోయింది, రేటు ఎక్కువంటున్నారు, స్కీమ్ గురించి మీరు మాట్లాడాలి. ఎముకల డాక్టర్ ఇంజెక్షన్ కంప్లైంట్ చెప్పారు, జవాబు మీరు చెబితే బాగుంటుంది. పిల్లల డాక్టర్ దగ్గర ఒక్క నిమిషమే దొరుకుతుంది, అక్కడ నేను ఒక్క బ్రాండే మాట్లాడతా.’ ఆయన ‘ఓకే’ అని కొట్టినా చాలు, మరుసటి రోజు ఎట్లా నడవాలో రాతలో ఉన్నట్టే. తర్వాత ‘ప్లానింగ్ లేదు’ అని గ్రూపులో పెట్టడం ఆయనకు కష్టం.

ఇంక చాంబర్ లోపల సంగతి. నువ్వు ఎక్కువ బాధపడింది దీని గురించే. బాధపడాల్సిన విషయమే ఇది. ఒక కాల్ చెబుతా. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో పిల్లల డాక్టర్ క్లినిక్. వానకాలం, జలుబు, దగ్గుల సీజన్. బెంచీలు నిండిపోయి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డారు. నా ముందు వేరే కంపెనీ రెప్, వాళ్ల మేనేజర్ లోపలికి పోయారు. తలుపు సగం తెరిచే ఉంది. రెప్ ‘నమస్తే సార్’ అన్నాడో లేదో మేనేజర్ అందుకుని విజువల్ ఎయిడ్ మొదటి పేజీ నుంచి చదువుతున్నాడు. జలుబు మందు పేజీ రాగానే డాక్టర్ పెన్ను పక్కన పెట్టి అడిగాడు: ‘క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కాంబినేషన్ నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద వేయమన్నారు కదా, మీ ప్యాక్ మీద వేశారా?’ 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం అది. మేనేజర్ ఆ ప్రశ్న పట్టించుకోకుండా ‘అదేం ప్రాబ్లం లేదు సార్, హైదరాబాద్‌లో పెద్ద సార్లందరూ రాస్తున్నారు’ అన్నాడు. డాక్టర్ ఇంకో మాట మాట్లాడలేదు, బెల్ కొట్టి తర్వాతి పేషెంట్‌ని పిలిచాడు. తర్వాత టీ కొట్టు దగ్గర ఆ రెప్ తన ఫోన్‌లో ఫొటో చూపించాడు. కొత్త లేబుల్, దాని మీద నాలుగేళ్ల హెచ్చరిక. అది చూపించడానికి అతనికి అరనిమిషం దొరికి ఉంటే డాక్టర్‌కి కావాల్సిన జవాబు దొరికేది. మేనేజర్ సాయంత్రం వెళ్లిపోయాడు. వచ్చే వారం ఆ టేబుల్ ముందు నిలబడాల్సింది ఈ కుర్రాడు.

అందుకే కాల్ ఎవరు తెరవాలన్నది క్లినిక్ మెట్ల దగ్గర కాదు, పొద్దున్నే మొదటి టీ దగ్గర తేల్చుకోవాలి. ‘సార్, మీరు మాట్లాడొద్దు’ అంటే ఎవరికైనా కోపం వస్తుంది. ‘సార్, ఈ డాక్టర్‌ది నాకు అలవాటు, నేను మొదలుపెడతా. కంప్లైంట్ దగ్గరికి రాగానే మీకు అందిస్తా, మీరు అందుకోండి’ అను. ఎక్కడ మాట్లాడాలో ఆయనకు చోటు చూపించు. చోటు దొరికినవాడు మధ్యలో దూరడు. లోపలికి పోగానే పరిచయం కూడా పని చెప్పేదిగా ఉండాలి. ‘మా మేనేజర్ సార్’ అని ఆపేస్తే డాక్టర్‌కి అది తనిఖీలాగా కనపడుతుంది. ‘సార్, మీరు పోయినసారి మూత లీకేజీ గురించి చెప్పారు, దానికోసమే మా మేనేజర్ గారిని తీసుకొచ్చా’ అంటే డాక్టర్ కుర్చీ చూపిస్తాడు. ఇద్దరు లోపలికి వచ్చారన్న చికాకు కూడా తగ్గుతుంది, తన మాట కంపెనీ దాకా పోయిందని ఆయనకు తెలుస్తుంది కాబట్టి.

టైమింగ్ గురించి కూడా ఆలోచించు, ఇది మన జిల్లాల్లో పెద్ద సమస్య. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు. మేనేజర్ పొద్దున బయల్దేరి చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ చేరేసరికి పదిన్నర, పదకొండు. అప్పటికి ఉదయం ఓపీ నిండా జనం. రెండింటికల్లా డాక్టర్లు ఇంటికి పోతారు లేదా సర్జరీలో ఉంటారు. మధ్యాహ్నమంతా షాపులు, స్టాకిస్ట్. సాయంత్రం ఓపీ మొదలై, రెప్‌కి నిజంగా నాలుగు మాటలు మాట్లాడే వీలు దొరికేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అప్పటికి ఆయన కారు హైవే ఎక్కేసి ఉంటుంది. పాలమూరు వైపు కూడా ఇంతే, జడ్చర్ల దాటి వచ్చి, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. అంటే డాక్టర్‌కి అస్సలు తీరిక లేని గంటల్లోనే జాయింట్ కాల్స్ జరుగుతున్నాయి. అవి చెడిపోక ఏమవుతాయి?

దీనికి నేను చూసిన మంచి దారి, టూర్ ప్రోగ్రాం (నెలలో ఏ రోజు ఎక్కడ తిరగాలన్న ప్లాన్) వేసేటప్పుడే జాయింట్ రోజుల్లో కనీసం ఒకటి రెండు ‘మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా’ అని అడగడం. పన్నెండింటికి స్టాకిస్ట్ దగ్గర మొదలుపెట్టి, షాపులు చూసుకుని, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా డాక్టర్లు. ‘సార్, ఈ అయిదుగురూ రాత్రి పూటే టైమిస్తారు, మీరు లేకుండా ఇవి కావు’ అని కారణంతో అడిగితే ఒప్పుకునే మేనేజర్లు ఉన్నారు. దేవరకొండ, హాలియా లాంటి చోట్లకు మాత్రం పొద్దున్నే పోవాలి, అక్కడి తీరు వేరు. ఎవరికి ఏ పూట తీరిక ఉంటుందో నీకు తెలిసినంత ఆయనకు తెలియదు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టి ఇవ్వడమే నీ బలం.

షాపుల దగ్గరికి వద్దాం. ఆర్‌సీపీఏ, అంటే ఏ మందుల చీటీలు వస్తున్నాయో షాపులో లెక్క తీయడం, అవసరమే, ఏ డాక్టర్ ఏం రాస్తున్నాడో షాపతను చెప్పినంత నిజంగా ఇంకెవరూ చెప్పరు. అయితే మేనేజర్ పక్కన నిలబడి చూస్తుంటే షాపతను నోరు విప్పడు. కాబట్టి ముఖ్యమైన షాపుల లెక్క ముందురోజే నువ్వు ఒక్కడివే తీసి పెట్టుకో. జాయింట్ రోజు రెండు షాపుల్లో సరిచూపిస్తే చాలు. ఇంక పీఓబీ. నెలాఖరులో మేనేజర్ కౌంటర్ మీద చెయ్యి వేసి ‘అన్నా, ఒక పది బాక్సులు వేసుకో’ అంటాడు. డాక్టర్ రాయని సరుకు షాపులోకి పోతే ఆరు నెలల తర్వాత ఎక్స్‌పైరీగా తిరిగి వస్తుంది. అప్పుడు ఆ షాపతను పట్టుకునేది నిన్ను, మేనేజర్‌ని కాదు. దీన్ని మాటతో ఆపలేవు, అంకెలతో ఆపగలవు. స్టాకిస్ట్ క్లోజింగ్ స్టాక్ (మిగిలిన సరుకు), సెకండరీ సేల్ (స్టాకిస్ట్ నుంచి షాపులకు పోయిన సరుకు) రెండూ పక్కపక్కన పెట్టి ‘సార్, ఈ ప్రొడక్ట్ ఇప్పటికే మూడు నెలల సరుకు ఉంది, దీని బదులు దానికి ఆర్డర్ అడుగుదాం’ అను. వద్దనడం లేదు, ఇంకోటి చూపిస్తున్నావు. పైవాడికి ఫోన్‌లో చెప్పుకోవడానికి ఆయనకు ఒక అంకె కావాలి, అది నీ చేతి మీదుగా ఇస్తున్నావు.

ఇప్పుడు అరుపుల గురించి. నిన్ను డాక్టర్ ముందో, షాపు కౌంటర్ దగ్గరో తిట్టడం తప్పు. మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. నల్లగొండ లాంటి ఊరిలో రెప్‌కి ఉన్న ఆస్తి అతని మాట మీద డాక్టర్‌కీ కెమిస్ట్‌కీ ఉన్న నమ్మకం. దాన్ని నలుగురిలో పడగొడితే కంపెనీ సొంత సేల్‌ని కంపెనీయే పడగొట్టుకున్నట్టు. అయినా అక్కడికక్కడే ఎదురు మాట్లాడకు. నీ మాట ఎంత నిజమైనా చూసేవాళ్లకు అది కొట్లాటే. బయటికి వచ్చాక కూడా వెంటనే వద్దు. రోజు అయిపోయి ఆయన కారెక్కే ముందు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు: ‘సార్, తప్పుంటే ఎంతైనా చెప్పండి, వింటా. కానీ షాపతని ముందు అంటే రేపు నేను అతన్ని ఆర్డర్ అడగలేను. బైక్ దగ్గరికి వచ్చాక చెప్పండి.’ గొంతు పెంచకుండా, కళ్లలోకి చూసి చెప్పు. చాలామంది ఒక్కసారితో సర్దుకుంటారు. తమకు జరిగిందే తాము చేస్తున్నామని వాళ్లకూ లోపల తెలుసు.

మళ్లీ జరిగితే మెయిల్ రాయి. ఫిర్యాదులా రాయకు, ఆ రోజు రిపోర్టులా రాయి. ‘ఈరోజు జాయింట్ వర్క్‌కి ధన్యవాదాలు సార్. మీరు చెప్పిన రెండు విషయాలు సరిచేసుకుంటా. ఫలానా మెడికల్ షాపు దగ్గర అందరి ముందు అన్న మాటల వల్ల ఆ షాపతను తర్వాత ఆర్డర్ మాట్లాడలేదు. ఇకముందు అట్లాంటివి ప్రైవేటుగా చెప్పాలని కోరుతున్నా.’ మొదటిసారి ఆయనకు మాత్రమే పంపు. మూడోసారి జరిగినప్పుడు పాత మెయిల్స్ జతచేసి హెచ్‌ఆర్‌కి, పై మేనేజర్‌కి పంపు. తేదీ, చోటు, అన్న మాట, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఉండాలి. ‘ఎప్పుడూ తిడతాడు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా తేదీ, ఫలానా చోట, ఈ మాట అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. గ్రూపులో ‘పూర్ కవరేజ్’ అని పెడితే గ్రూపులో వాదించకు. ఆ రోజు ప్లాన్ మెసేజ్, అయిన కాల్స్ కలిపి ఆయనకు విడిగా మెయిల్ చెయ్యి.

భోజనం బిల్లు చిన్న విషయంలా కనపడుతుంది గానీ కాదు. మేనేజర్‌కి ఆయన డీఏ (రోజు ఖర్చుల భత్యం) ఆయనకు వస్తుంది. ఒకసారి నువ్వు పెట్టడం మర్యాద, ప్రతిసారీ పెట్టడం నీ ఇంట్లో పాల డబ్బులు. హోటల్‌లో కూర్చోగానే ‘సార్, వేరే వేరే బిల్లు చెప్పనా, ఎక్స్‌పెన్స్‌లో పెట్టుకోవడానికి ఈజీగా ఉంటుంది’ అని సర్వర్ వచ్చినప్పుడే అను. రూమ్ బిల్లు, పెట్రోల్ కూడా అంతే.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది, అది నీ ప్రశ్నలో లేదు. మేనేజర్లు చాంబర్‌లో మాటలు ఇచ్చేస్తారు. కాన్ఫరెన్స్ టికెట్ అంటారు, క్లినిక్‌కి ఏదో కొనిస్తామంటారు, వెళ్లిపోతారు. డాక్టర్ అడిగేది నిన్ను. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం తెచ్చిన మార్కెటింగ్ కోడ్, అంటే మనవాళ్లు యూసీపీఎంపీ అనేది, దాని ప్రకారం డాక్టర్‌కి గానీ వాళ్ల కుటుంబానికి గానీ సొంతానికి పనికొచ్చే బహుమతులు ఇవ్వకూడదు. బ్రాండ్ గుర్తు చేసే వస్తువు వెయ్యి రూపాయలు దాటకూడదు. శాంపిల్స్ కూడా మందు రాయడానికి అర్హత ఉన్నవాళ్లకే, ఒక డాక్టర్‌కి ఒక మందువి ఏడాదికి పన్నెండు ప్యాకులు మించకూడదు, ఒక్కో ప్యాక్ ముగ్గురు పేషెంట్ల కోర్సుకు మించకూడదు. డాక్టర్ టైమ్ కోసం రెప్ ఏ రూపంలోనూ డబ్బు ఇవ్వకూడదని కూడా అందులో ఉంది. కాబట్టి మేనేజర్ ఏదైనా మాట ఇచ్చిన సాయంత్రమే ‘సార్, ఈరోజు డాక్టర్ గారికి మీరు ఇది చెప్పారు, దీన్ని ఎట్లా ముందుకు తీసుకుపోవాలో తెలియజేయండి’ అని ఒక లైన్ మెయిల్ పెట్టు. చేయగలిగిందైతే చేస్తాడు, లేకపోతే ఆ మాట ఆయన పేరు మీదే ఉంటుంది.

ఊళ్లలో ఆర్‌ఎంపీల దగ్గరికి తీసుకుపోయి యాంటీబయాటిక్ శాంపిల్స్ ఇమ్మని చెప్పే మేనేజర్లు కూడా ఉన్నారు. దేవరకొండ, అచ్చంపేట వైపు పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ పని చేయకు. అర్హత లేని మనిషి చేతిలో పెట్టిన శాంపిల్ చివరికి ఏ తండా పిల్లవాడి ఒంట్లోకి పోతుందో ఆలోచించు. దీంట్లో నీ ఉద్యోగం కంటే పెద్ద విషయం ఉంది. ‘సార్, కోడ్ ఒప్పుకోదు’ అన్న ఒక్క మాట మీద నిలబడు. కావాలంటే రాతలో చెప్పమను. రాతలో ఎవరూ చెప్పరు.

చట్టం గురించి అడిగావు. మన ఉద్యోగాలకు 1976లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది, సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం, సెలవులు, పారిశ్రామిక వివాదాల చట్టం మనకూ వర్తించడం అన్నీ దాంతో వచ్చినవే. దాని వెనుక రెప్‌ల యూనియన్ల పోరాటం ఉంది. 1963లో రెప్‌ల దేశవ్యాప్త సమాఖ్య ఎఫ్‌ఎంఆర్‌ఏఐ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 లేబర్ కోడ్‌లలో కలిపారు, 2025 నవంబర్ 21 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ‘వర్కర్’ అన్న నిర్వచనంలోనే సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులు ఉన్నారు. దీంతో జాయింట్ వర్క్ ఆపలేవు. అయితే కారణం చూపకుండా తీసేయడం, కక్షతో దూరం ట్రాన్స్‌ఫర్ చేయడం, బలవంతంగా రాజీనామా రాయించుకోవడం జరిగితే లేబర్ డిపార్ట్‌మెంట్ తలుపు తట్టే దారి ఉంది. మేనేజర్ ‘ఇప్పుడే రిజైన్ కొట్టు’ అని హోటల్ టేబుల్ మీద కాగితం పెడితే సంతకం పెట్టకు. ఇంటికి పోయి ఆలోచిస్తానని లేచి వచ్చెయ్. యూనియన్‌లో చేరడానికి కూడా భయపడకు, అట్లాంటి రోజున పక్కన కూర్చునేది వాళ్లే. అపాయింట్‌మెంట్ లెటర్, కన్ఫర్మేషన్ లెటర్, ఇన్సెంటివ్ స్టేట్‌మెంట్లు కంపెనీ మెయిల్‌లోనే ఉంచకుండా ఇంట్లో ఒక కాపీ పెట్టుకో.

ఇది చదివే చెల్లెళ్లకు ఒక మాట. ఇప్పుడు మన జిల్లాల్లో కూడా ఆడపిల్లలు రెప్‌లుగా వస్తున్నారు. మేనేజర్‌తో ఒకే బండి మీద పోవాలన్న రూల్ ఎక్కడా లేదు, రాత్రి కాల్స్ అయ్యాక ఎట్లా ఇంటికి చేరతారో ముందే చెప్పించుకోండి. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఆఫీసే కాదు, పని మీద పోయిన ప్రతి చోటూ, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా పని స్థలమే. క్లినిక్ వెయిటింగ్ హాల్ అయినా, మేనేజర్ కారు అయినా తప్పుగా ప్రవర్తిస్తే కంపెనీ ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

చివరిగా, కంపెనీ మారాలా అన్నావు. ఇప్పుడే వద్దు. మారినా ఇంకో మేనేజర్ వస్తాడు, జాయింట్ వర్క్ అక్కడా ఉంటుంది. ఒక క్వార్టర్ నేను చెప్పినట్టు నడిపి చూడు: ముందురోజు మెసేజ్, కష్టమైన డాక్టర్లు, సాయంత్రం కాల్స్, ప్రైవేటుగా ఒక మాట, తర్వాత మెయిల్. అయినా ఆయన కౌంటర్ల దగ్గర అరుస్తూనే ఉంటే, తప్పుడు కాల్స్ రిపోర్టు చేయమంటే, నీ డబ్బుతో పీఓబీ కట్టమంటే మాత్రం ఆలోచించకుండా వేరే ఉద్యోగం వెతుక్కో. డబ్బు కట్టమన్నాడంటే అది మొదటి నెలలోనే వదిలేయాల్సిన కంపెనీ. అప్పులపాలైన కుర్రాళ్లను ఈ రెండు జిల్లాల్లోనూ చూశాను. వేరే చోట ఇంటర్వ్యూకి పోయినప్పుడు జీతం అడిగినట్టే, ‘జాయింట్ వర్క్ నెలకు ఎన్ని రోజులు, మేనేజర్ ఏ ఊళ్లో ఉంటాడు’ అని కూడా అడుగు. అక్కడ పనిచేస్తున్న రెప్‌ని ప్రకాశం బజార్‌లో ఏదో ఒక క్లినిక్ బయట కలిసి అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది.

వచ్చే నెల టూర్ ప్రోగ్రాం ఇంకా పంపకపోతే, మిర్యాలగూడని ఒక సాయంత్రం జాయింట్ రోజుగా పెట్టి, ఆ నర్సింగ్ హోం రేటు విషయం మొదటి కాల్‌గా వేసి పంపు. ఆయన ఏమన్నాడో, ఆ రోజు ఎట్లా జరిగిందో రాయి, తర్వాతది అప్పుడు మాట్లాడుకుందాం.